అమెరికాలో ఇల్లు కొన్నారా? ఒక్కసారి ఇంటి కింద టార్చ్ వేసి చూడండి.. క్రాల్ స్పేస్‌తో జాగ్రత్త!

గృహప్రవేశం రోజు పాలు పొంగించారు. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. కిచెన్ బాగుంది, పూజ గది కుదిరింది, పిల్లలకు చెరో రూమ్ వచ్చింది. అంతా ఓకే. కానీ ఆ పాలు పొంగించిన స్టవ్ కింద, ఆ ఫ్లోర్ కింద ఏముందో చూసినవాళ్లు ఎంతమంది? కింద మట్టి నేల, పైపులు, చీకటి. కొన్ని ఇళ్లలో తడి కూడా. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఇళ్ల కింద ఉండే ఈ ఖాళీనే క్రాల్ స్పేస్ అంటారు. పట్టించుకుంటే ఏళ్ల తరబడి దాని ఊసే ఉండదు. వదిలేస్తే మాత్రం చెక్క దూలాల నుంచి ఇంట్లోవాళ్ల ఆరోగ్యం దాకా అన్నింటి మీదా దెబ్బ పడుతుంది. అందుకే ఈ పూర్తి వివరాలు మీకోసం..

అసలు క్రాల్ స్పేస్ అంటే ఏంటి?

క్రాల్ అంటే పాకడం. నిలబడటానికి వీల్లేదు, పాక్కుంటూ వెళ్లాల్సిందే. అందుకే ఆ పేరు. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు పునాది గోడలు లేపి, మధ్యలో మొరమో ఇసుకో నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టి పైన బెడ్ వేస్తారు. అంటే ఇంటి కింద ఖాళీ అనేదే ఉండదు. అక్కడ అలా కాదు. చుట్టూ పునాది గోడ కడతారు, మధ్యలో పిల్లర్లు లేపుతారు, వాటిపై చెక్క దూలాలు పరిచి ప్లైవుడ్ లాంటి షీట్లు కొట్టి ఫ్లోర్ వేస్తారు. మధ్యలో నింపరు. అదే క్రాల్ స్పేస్.

అమెరికాలో చాలా చోట్ల పాటించే బిల్డింగ్ కోడ్ ప్రకారం మామూలు చెక్క దూలానికి, నేలకు మధ్య కనీసం 18 అంగుళాల ఎత్తు ఉండాలి. చాలా ఇళ్లలో 3, 4 అడుగులు ఉంటుంది. నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు, ఏసీ డక్ట్‌లు, కరెంట్ వైర్లు అన్నీ ఇందులోంచే వెళ్తాయి. ఏదైనా రిపేర్ వస్తే ఫ్లోర్ పగలగొట్టాల్సిన పని లేదు. అదే దీని లాభం.

మీ ఇంటికి ఉందో లేదో ఇలా తెలుసుకోండి

డాలస్, హ్యూస్టన్‌లలో ఎక్కువగా నేల మీదే కాంక్రీట్ స్లాబ్ వేసి కట్టిన ఇళ్లు కనిపిస్తాయి. షికాగో, న్యూజెర్సీ వైపు బేస్‌మెంట్లు ఎక్కువ. నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, వర్జీనియా, జార్జియాలోని కొన్ని ప్రాంతాలు, అటు సియాటెల్, పోర్ట్‌ల్యాండ్ వైపు క్రాల్ స్పేస్ ఇళ్లు చాలా ఉంటాయి. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ కేరీ, మోరిస్‌విల్, షార్లెట్ పరిసరాల్లోనూ ఇవి మామూలే.

గుర్తుపట్టడం తేలిక. ఇంటి ముందు గుమ్మానికి మూడు నాలుగు మెట్లు ఉన్నాయా? గ్రౌండ్ ఫ్లోర్‌లో నడుస్తుంటే కాళ్ల కింద చెక్క చప్పుడు వస్తోందా? ఇంటి పక్కనో వెనకో కింది గోడకు చిన్న తలుపు ఉందా? గోడలో ఇటుక సైజు జాలీలు కనిపిస్తున్నాయా? అయితే మీ ఇంటి కింద క్రాల్ స్పేస్ ఉన్నట్టే.

కింది గాలి పైకే వస్తుంది

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, కింద ఉన్నది కిందే ఉంటుందిలే అనుకోవడం. కానీ ఇంట్లో వేడి గాలి తేలికై పైకి లేచి అటక మీదుగా బయటికి పోతుంటుంది. ముఖ్యంగా చలికాలంలో. ఆ ఖాళీని నింపడానికి కింది నుంచి గాలి లోపలికి వస్తుంది. పైపుల కోసం ఫ్లోర్‌కు వేసిన రంధ్రాలు, టబ్ కింద వదిలేసిన సందులు, జాయింట్లు వదులైన డక్ట్‌లు.. అన్నీ దారులే. అంటే క్రాల్ స్పేస్‌లో ఏ గాలి ఉందో, అందులో కొంత మీరు పీలుస్తున్నట్టే.

ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన విషయం ఒకటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే మోకాళ్ల నొప్పులని మెట్లు ఎక్కించకుండా కింది బెడ్‌రూమ్ ఇస్తాం. క్రాల్ స్పేస్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఆ గదే. ఆయాసం, ఎలర్జీ ఉన్న పెద్దవాళ్లకు బూజు గాలి మంచిది కాదు. ఆ గదిలో ముక్క వాసన, కార్పెట్ తేమగా అనిపించడం, దుప్పట్లు చెమ్మగిల్లడం లాంటివి ఉంటే రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టి వదిలేయొద్దు. కిందికి వెళ్లి చూడాల్సిన టైమ్ వచ్చినట్టే.

జాలీలు తెరిస్తే ఆరిపోదా? అసలు ట్విస్ట్ ఇక్కడే!

పాత పద్ధతి ఏంటంటే, పునాది గోడలకు జాలీలు పెట్టి గాలి ఆడనివ్వడం. తడి గుడ్డను గాలికి ఆరేస్తే ఆరుతుంది కదా, ఇదీ అంతే అనే లెక్క. వేసవి పొడిగా ఉండే సియాటెల్ లాంటి చోట్ల ఇది చాలావరకు పనిచేస్తుంది. కానీ వేసవిలో ఉక్కపోసే కరోలినా, జార్జియా లాంటి చోట్ల కథ రివర్స్ అవుతుంది.

ఎలాగంటారా? మే నెలలో విజయవాడలో ఫ్రిజ్‌లోంచి వాటర్ బాటిల్ తీసి టేబుల్ మీద పెట్టండి. రెండు నిమిషాల్లో బాటిల్ చుట్టూ నీటి బొట్లు కడతాయి. ఆ నీళ్లు బాటిల్ లోంచి వచ్చినవి కాదు, గాలిలోంచి వచ్చినవి. క్రాల్ స్పేస్‌లోనూ అదే జరుగుతుంది. బయట 32 డిగ్రీల సెల్సియస్ వేడి, గాలిలో తేమ 65 శాతం ఉందనుకుందాం. ఆ గాలి దాదాపు 24.5 డిగ్రీలకు చల్లబడగానే నీళ్లుగా మారడం మొదలవుతుంది. ఇంటి కింద నీడలో ఉన్న పైపులు, ఏసీ డక్ట్‌లు, కొన్నిసార్లు దూలాలు కూడా అంతకంటే చల్లగా ఉంటాయి. ఇంకేముంది.. ఆరబెట్టడానికి తెరిచిన జాలీయే నీళ్లు మోసుకొస్తుంది.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. రాలీలోని అడ్వాన్స్‌డ్ ఎనర్జీ అనే సంస్థ నార్త్ కరోలినాలోని ప్రిన్స్‌విల్‌లో 12 ఇళ్లపై అధ్యయనం చేసింది. 1999లో ఫ్లాయిడ్ హరికేన్‌కు నీట మునిగిన ఊరది. కొన్ని ఇళ్లకు జాలీలు అలాగే ఉంచారు, మిగతా వాటికి పూర్తిగా మూసేశారు. జాలీలు ఉన్న ఇళ్ల కింద నేల మీద ప్లాస్టిక్ షీట్ పరిచినా వేసవిలో ఎక్కువ కాలం తేమ 80 శాతం పైనే ఉంది. మూసిన ఇళ్లలో దాదాపు 60 శాతం లోపే ఉంది. పైగా ఏసీ, హీటింగ్ ఖర్చులో సగటున 15 శాతానికి పైగా ఆదా కనిపించింది.

తేమ ఎక్కువైతే ఏమవుతుంది? చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే పెద్దగా భయం లేదు. అది దాటి అలాగే కొనసాగితే ఫంగస్ పట్టే అవకాశం పెరుగుతుంది. ఇంకా పెరిగితే చెక్క కుళ్లుతుంది. దూలాల మధ్య దూది లాంటి ఇన్సులేషన్ తడిసి, బరువెక్కి కిందికి వేలాడుతుంది. చెదలకు కూడా తడి చెక్క అంటేనే ఇష్టం.

ఏది ముందు, ఏది తర్వాత? ఆర్డర్ మారితే డబ్బులు దండగ!

క్రాల్ స్పేస్ విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు బయటి నీళ్లు ఆపాలి, తర్వాత నేల తేమ, ఆ తర్వాతే గాలి సంగతి. కారుతున్న బకెట్‌ను అలాగే ఉంచి గది తుడుచుకుంటూ కూర్చుంటే లాభం ఉండదు కదా? నీళ్లు వస్తుండగా వేల డాలర్లు పోసి లోపల తెల్ల షీట్ వేయించుకోవడం కూడా అంతే.

స్టెప్ 1: పైకప్పు నీళ్లు దూరంగా పంపండి. 1,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్ల నీళ్లు. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు నిండి ఇంకా మిగులుతాయి. గట్టర్లలో ఆకులు పేరుకుపోతే ఆ నీళ్లన్నీ పునాది పక్కనే పడతాయి. ఏడాదికి కనీసం రెండుసార్లు గట్టర్లు శుభ్రం చేయించండి. గోడ వెంట కిందికి దిగే పైపుల చివర ఎక్స్‌టెన్షన్ తగిలించి నీళ్లు పునాదికి కొన్ని అడుగుల దూరంలో పడేలా చూడండి. ఇది తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని.

స్టెప్ 2: వాలు చూడండి. ఇంటి చుట్టూ మట్టి బయటి వైపు వాలి ఉండాలి. మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు ఉండాలని కోడ్ చెబుతుంది. కరోలినా, జార్జియాలో చాలా చోట్ల ఉండే ఎర్ర బంకమట్టి నీళ్లను త్వరగా ఇంకనివ్వదు. వాలు లోపలికి ఉంటే నీళ్లు నేరుగా మీ ఇంటి కిందికే వెళ్తాయి.

స్టెప్ 3: తోట సంగతి చూసుకోండి. గోంగూర, బచ్చలి, టమాటా మడులు గోడకు ఆనుకుని వేసి రోజూ పైపు పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంటుంది. మడిని గోడకు కాస్త ఎడంగా జరపండి. స్ప్రింక్లర్ నీళ్లు జాలీల మీద పడకుండా తిప్పండి.

నేల మీద షీట్.. అలా పడేస్తే చాలదు

బయటి నీళ్లు ఆగాక నేల సంగతి. మట్టి పైకి పొడిగా కనిపించినా లోపలి నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి నేలంతా ప్లాస్టిక్ షీట్ పరచాలి. కనీసం 6 మిల్ మందం పాలిథిన్ షీట్ వాడతారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మనుషులు తరచూ పాకుతూ వెళ్లే చోట ఇంకా మందంది వేసుకుంటే చిరగదు.

షీట్‌కు షీట్‌కు మధ్య కనీసం 6 అంగుళాలు ఒకదానిపై ఒకటి రావాలి. పిల్లర్ల చుట్టూ కోసి అతికించాలి. సగం నేలకు వేసి సగం వదిలేస్తే, వదిలేసిన చోటు నుంచి తేమ వస్తూనే ఉంటుంది. చాలా పాత ఇళ్లలో షీట్ ఉంటుంది కానీ ప్లంబర్, ఏసీ మెకానిక్ వచ్చి వెళ్లినప్పుడల్లా పక్కకు జరిగిపోతుంది. దాన్ని తిరిగి సర్దించడం కూడా మెయింటెనెన్సే.

పూర్తిగా మూసేయాలా? అయితే ఇవి మర్చిపోవద్దు

జాలీలన్నీ మూసి, గోడల దాకా షీట్ ఎక్కించి, డీహ్యుమిడిఫయర్ పెట్టే పద్ధతిని ఎన్‌క్యాప్సులేషన్ అంటారు. ఉక్కపోత ప్రాంతాల్లో ఇది బాగా పనిచేస్తుంది. కానీ మూసే ముందు కొన్ని చూసుకోవాలి.

గ్యాస్ ఫర్నేస్ గానీ, గ్యాస్ వాటర్ హీటర్ గానీ క్రాల్ స్పేస్‌లోనే ఉందా? అది మండటానికి అక్కడి గాలినే వాడుకుంటుంటే, జాలీలు మూయగానే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం వస్తుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. లైసెన్స్ ఉన్న మెకానిక్ చూసి ఓకే అన్నాకే ముందుకెళ్లండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరిగా ఉంచండి.

వరద జోన్‌లో ఉన్న ఇళ్లకు గోడల్లో ఫ్లడ్ వెంట్‌లు ఉంటాయి. వరద వచ్చినప్పుడు నీళ్లు లోపలికి, బయటికి పోయి గోడ మీద ఒత్తిడి తగ్గాలని పెట్టినవి అవి. మామూలు జాలీలనుకుని వాటిని మూయించేయొద్దు.

ఇక రాడాన్. మట్టిలోంచి వచ్చే ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. అమెరికాలో లంగ్ క్యాన్సర్ కారణాల్లో సిగరెట్ తర్వాత స్థానం దీనిదేనని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, అంతకంటే ఎక్కువ వస్తే సరిచేయించుకోవాలి. టెస్ట్ కిట్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. షీట్ వేయించకముందు ఒకసారి, వేయించాక ఒకసారి టెస్ట్ చేసుకుంటే మంచిది.

డ్రయర్ గాలి పైపు క్రాల్ స్పేస్‌లోకి వదిలేసి ఉంటే వెంటనే బయటికి పెట్టించండి. ఒక్కో లోడ్ బట్టల తడి అంతా ఇంటి కిందికే వెళ్తుంటుంది.

చెదలు, ఎలుకలు.. చిన్నగా మొదలై పెద్దగా ముంచేవి

అక్కడి చెదలు మట్టిలోంచి గోడ మీద పెన్సిల్ మందంలో మట్టి దారులు కట్టుకుంటూ చెక్క దాకా వెళ్తాయి. మన ఊళ్లో గోడల మీద చూసేవే. అందుకే గోడకు ఇన్సులేషన్ అతికించినా, పైభాగంలో దాదాపు 3 అంగుళాలు ఖాళీ వదులుతారు. చెద దారి కనిపించాలని అలా చేస్తారు. పై దాకా కప్పేశామని కాంట్రాక్టర్ గొప్పగా చెబితే సంబరపడొద్దు. కట్టేటప్పుడు వదిలేసిన చెక్క ముక్కలు, అట్టపెట్టెలు కింద ఉంటే బయట పారేయండి. అవి చెదలకు విందు భోజనమే.

ఎలుకల పెంటికలు కనిపిస్తే చీపురుతో ఊడవొద్దు, వ్యాక్యూమ్ పెట్టొద్దు. దుమ్ము లేస్తే హంటా వైరస్ ప్రమాదం ఉంటుంది. 1 వంతు బ్లీచ్, 9 వంతుల నీళ్లు కలిపి చల్లి, 5 నిమిషాలు నాననిచ్చి, గ్లవ్స్ వేసుకుని పేపర్ టవల్‌తో తీసేయాలి.

ఏడాదికి రెండుసార్లు.. ఈ చెక్‌లిస్ట్ సేవ్ చేసుకోండి

వేసవికి ముందు ఒకసారి, చలికాలానికి ముందు ఒకసారి చూడటం మంచి అలవాటు. పెద్ద వాన పడిన మర్నాడు చూస్తే ఇంకా మంచిది. ఎందుకంటే నీళ్లు ఏ మూల నుంచి వస్తున్నాయో అప్పుడే దొరుకుతుంది.

• నేల మీద నీళ్లు నిలిచాయా? షీట్ మీద బురద చారలు ఉన్నాయా?
• గోడల మీద తెల్లటి ఉప్పు పొర కనిపిస్తోందా? ఉంటే గోడలోంచి తడి వస్తున్నట్టు.
• దూలాల మీద తెల్ల, నల్ల మచ్చలు ఉన్నాయా? స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మెత్తగా దిగుతోందా?
• ఇన్సులేషన్ వేలాడుతోందా?
• పైపుల జాయింట్లు, టాయిలెట్ కింది భాగం కారుతున్నాయా?
• డక్ట్‌ల జాయింట్లు ఊడాయా? ఏసీ నీళ్ల పైపు కిందే కారుతోందా?
• గోడల మీద చెదల మట్టి దారులు ఉన్నాయా?
• డీహ్యుమిడిఫయర్ పనిచేస్తోందా? దాని ఫిల్టర్, నీళ్ల పైపు శుభ్రంగా ఉన్నాయా?
• చలికాలానికి ముందు నీళ్ల పైపులకు తొడుగు ఉందా? లేకపోతే గడ్డకట్టి పగలొచ్చు.

ఇంకో చిన్న చిట్కా. తేమ శాతం చూపించే వైర్‌లెస్ మీటర్ ఒకటి కింద పెట్టి, డిస్‌ప్లే కిచెన్‌లో పెట్టుకోండి. 60 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. ఇందుకోసం రోజూ కిందికి దిగక్కర్లేదు.

దిగే ముందు ఆగండి!

నీళ్లు నిలిచి ఉంటే లోపలికి వెళ్లొద్దు. అక్కడ కరెంట్ వైర్లు ఉంటాయి, షాక్ కొట్టొచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పొడిగా ఉన్నా ఎన్95 మాస్క్, గ్లవ్స్, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. సాలీళ్లు, పాములు ఉండే ప్రాంతాలైతే చేయి పెట్టే ముందే టార్చ్ వేయండి. ఇంట్లో ఒకరికి చెప్పే దిగండి, ఫోన్ దగ్గర ఉంచుకోండి. పిల్లల్ని సరదాకి కూడా తీసుకెళ్లొద్దు. దిగలేమనుకుంటే తలుపు దగ్గర నుంచే ఫోన్‌తో వీడియో తీయండి. సగం విషయం అందులోనే తెలిసిపోతుంది.

కొనే ముందు, పని చేయించే ముందు..

ఇంకా కొనని వాళ్లకు ఇది మరీ ముఖ్యం. నార్త్ కరోలినాలో అగ్రిమెంట్ అయ్యాక డ్యూ డిలిజెన్స్ అని కొంత గడువు ఉంటుంది. ఆ గడువులోపు ఏ కారణంతోనైనా కొనుగోలుదారు వెనక్కి తగ్గొచ్చు. దానికి కట్టిన ఫీజు మాత్రం సాధారణంగా తిరిగి రాదు. ఈ గడువులోనే ఇన్‌స్పెక్టర్ క్రాల్ స్పేస్ మొత్తం తిరిగి చూశారా, లేక తలుపు దగ్గర నుంచే చూసి వచ్చేశారా అని అడగండి. ఫొటోలు అడగండి. రిపోర్టులో లోపలికి వెళ్లలేకపోయామని ఉంటే, ఎందుకు వెళ్లలేకపోయారో తేల్చుకోండి. ఇల్లు కొన్నాక బయటపడే బిల్లు మీదే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటున్నారా? మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టాన్ని కవర్ చేయదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. మెల్లమెల్లగా ఊరే తేమ, దానివల్ల వచ్చే కుళ్లు కూడా చాలా పాలసీల్లో కవర్ కావు. మీ పాలసీ ఓసారి చదువుకోండి.

కాంట్రాక్టర్ వచ్చి ఫంగస్ ఫొటో చూపించి, ఈరోజే సంతకం పెడితే డిస్కౌంట్ అంటే కంగారుపడొద్దు. కనీసం ముగ్గురి దగ్గర కోట్ తీసుకోండి. అందర్నీ ఒకే ప్రశ్న అడగండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గట్టర్ల గురించి, వాలు గురించి, డ్రైనేజీ గురించి మాట్లాడేవాళ్లు సమస్యను చూసినట్టు. షీట్ మందం, డీహ్యుమిడిఫయర్ మోడల్ గురించి మాత్రమే చెప్పేవాళ్లు తమ సరుకును చూపిస్తున్నట్టు. కొన్ని ఇళ్లలో గట్టర్ సరిచేసి, కాస్త మట్టి పోయించి, జరిగిన షీట్ సర్దితేనే సమస్య తగ్గిపోతుంది.

ఫైనల్‌గా చెప్పేదేంటంటే.. క్రాల్ స్పేస్ ఉన్న ఇల్లు చెడ్డ ఇల్లేమీ కాదు, కొనకూడదని కూడా కాదు. అది కంటికి కనపడని అంతస్తు, అంతే. పైన హాల్‌ను వారం వారం తుడుచుకుంటాం కదా, కింద దానికి ఏడాదికి రెండుసార్లు ఓ గంట కేటాయిస్తే చాలు. ఈ వారాంతం వాన పడితే గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్క రౌండ్ వేయండి. గట్టర్ నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఇంటి వైపే వస్తుంటే, మీ మొదటి పని ఏంటో తెలిసిపోయినట్టే.